కామేశ్వరి సూర్యోదయానికి ఒక సైకిలు

ఒక సైకిలు కొనడానికి మనిషికి ఎంతకాలం పడుతుంది? మా పక్క ఫ్లాటాయనకు ఇరవై నిమిషాలు పట్టింది. నాకు కార్తీకం నుంచి మాఘం దాకా పట్టింది. ఆయన సైకిలు ఇప్పటికీ ఎవరికీ హాని చేయకుండా తిరుగుతోంది. నేను కొన్న సైకిలు పుణ్యమా అని ఫిల్మ్‌నగర్ గుట్ట మీద ఒక షూటింగు ఆగిపోయింది, నలభైమంది చేతుల్లో టీలు చల్లారిపోయాయి, నా సహధర్మచారిణి ప్లాస్టిక్ గడ్డి చాపల మీద కాళ్ళు పైకెత్తి ఆకాశదర్శనం చేసుకుంది. ఇదంతా ఎలా జరిగిందో వరసగా చెబుతాను. నవ్వదలచినవాళ్ళు నవ్వుకోండి. ఆ రోజు అక్కడ నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పట్లో నేను చిన్నవాణ్ణి. అరవై నాలుగేళ్ళుంటాయి. ఆ వయసులో మనిషికి తనకన్నీ తెలుసన్న పొగరుంటుంది కదా, నాకు మరికాస్త ఎక్కువ ఉండేది. కారణం నా ఉద్యోగం. సినిమాల్లో కంటిన్యుటీ చూసేవాణ్ణి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: హీరో సోమవారంనాడు తలుపు తీస్తాడు, ఇరవై రోజుల తరవాత ఇంకో సెట్టులో గదిలోకి అడుగుపెడతాడు. తెరమీద మాత్రం అది ఒకే క్షణం. తలుపు తీసేటప్పుడు చొక్కాకు ఎన్ని గుండీలు పెట్టుకున్నాడు, వాచీ ఏ చేతికుంది, నుదుట చెమట ఎడమవైపు కారిందా కుడివైపా, ఇవన్నీ రాసిపెట్టుకునేవాడు ఒకడుండాలి. ఆ ఒకడు నేను. ముప్పై ఎనిమిదేళ్ళలో నా కన్నుగప్పి ఒక్క గుండీ కూడా ఊడలేదు. ఇంటికి వచ్చాక ఆ అలవాటునే సొంత డైరీల్లో కొనసాగించాను. ఏ రోజు ఏ కూర తిన్నానో ఇప్పుడడిగినా చెప్పగలను.

ఇన్ని గుండీలు లెక్కపెట్టినవాడు ఒక పెద్ద షాటును సగంలో వదిలేశాడు. అది మా పెళ్ళయిన నాలుగో రోజు. తెనాలిలో, మా మామగారి సైకిలు కారియర్ మీద కామేశ్వరిని ఎక్కించుకుని కాలువ గట్టున బయలుదేరాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే, సైకిలు ముందు చక్రం నాకు కనిపించడం లేదు. గంట కొడితే ఆ చప్పుడు కూడా కొంతదూరం వెళ్ళి మంచులో ఎక్కడో కూర్చుండిపోయేది. వెనకాల గాజులు కదిలినప్పుడల్లా ఆవిడ ఉందని తెలిసేది. "సూర్యుడు వచ్చేదాకా ఉందామండీ" అంది. నాకేమో రైలు టైమైంది, మర్నాడు షూటింగు. సూర్యుడు రాకముందే వెనక్కి తిప్పాను.

ఆ తరవాత నేను చూసిన సూర్యోదయాలకు అంతులేదు. సూర్యోదయం షాటు అంటే మేం తెల్లవారుజామున నాలుగింటికే లొకేషన్‌లో ఉండాలి. అన్నీ డైరీల్లో ఉన్నాయి, మబ్బుల వివరాలతో సహా. ఆవిడ మాత్రం ఆ వేళకు నా టిఫిన్ డబ్బా కట్టి పంపి, తలుపేసుకునేది.

రిటైరైన ఏడాది, కార్తీకంలో మొదటి చలి తగిలిన పొద్దున కామేశ్వరి కాఫీ ఇస్తూ అంది.

"ఏవండీ, ఇన్ని సూర్యోదయాలు చూశారు కదా, అందులో ఒకటి నాకు చూపించకూడదూ? ఆ రోజు లాగే, సైకిలు మీద, మంచులో."

"దానిదేముంది, ఈ చలికాలమే వెళదాం."

"ఈ చలికాలం దాటితే ఇంక అడగనండీ" అంది మామూలుగా.

ఆ చివరి మాటకు నాకు చలి ఎక్కువైంది. కోపంతో అన్న మాటైతే సాయంత్రానికి పోతుంది. ఇది అలాంటిది కాదు. అలమర సర్దుతూ ఒక చీరను ఇంక కట్టనని పక్కన పెట్టినట్టు అంది. ఆ రోజే కొత్త నోటు పుస్తకం తీసి మొదటి పేజీలో రాశాను: "లక్ష్యం: కామేశ్వరిని సైకిలు మీద గుట్ట మలుపు దాకా తీసుకువెళ్ళి, మంచులో సూర్యోదయం చూపించుట." కింద గీత కూడా గీశాను. ఆ గీత గీసిన తరవాత ఆ పేజీ మళ్ళీ తిప్పలేదు. అసలు విపత్తుకు విత్తనం అక్కడ పడింది.

గుట్ట మలుపు గురించి చెప్పాలి. మా ఇల్లు ఫిల్మ్‌నగర్‌లో ఎత్తు మీద ఉంటుంది. అక్కడి నుంచి ఆ మలుపు దాకా రోడ్డంతా దిగుడే. మలుపు దగ్గర నిలబడితే బండలు, వాటి కింద జూబ్లీహిల్స్ ఇళ్ళ మిద్దెలు, వాటి వెనక తూర్పు. చలికాలంలో ఆ మిద్దెలన్నీ పాలల్లో మునిగిన అటుకుల్లా ఉంటాయి. ఆ చోటును మొదట కెమెరావాళ్ళకు చూపించింది నేనే. ఈ మాట గుర్తుంచుకోండి, అవసరం పడుతుంది.

దిగుడు, పైగా మంచుకు తడిసిన రోడ్డు. అంటే బ్రేకులే ప్రాణం. చక్రం అంచును రబ్బరు బిళ్ళలు పట్టుకునే పాతరకం బ్రేకులు తడిలో జారతాయట. చక్రం మధ్యలో పళ్ళెంలాంటి బిళ్ళను పట్టుకునే డిస్క్ బ్రేకులైతే వానలోనూ ఆగుతాయట. సరే, డిస్క్ బ్రేకు. ఇనుప ఫ్రేము బరువు, పైగా తుప్పు. కార్బన్ ఫ్రేము మా ఇంట్లో బీరువా కంటే ఖరీదు. సరే, అల్యూమినియం. ఆ తరవాత టైర్లు. సన్నటివైతే జారతాయి, లావైతే లాగలేం. ఎంత లావు ఉండాలన్నదానిమీదే మార్గశిరం అయిపోయింది. పద్నాలుగు గళ్ళ పట్టిక వేశాను. రాత్రి పడుకుంటే కలలో గేర్లు మల్లెమొగ్గల్లా ఒకదాని మీద ఒకటి మెల్లగా పడేవి. కామేశ్వరి వెనకాల కూర్చుని ఉండేది, మేమిద్దరం బ్రేకు వేసుకుంటూ మబ్బుల్లోంచి దిగుతుండేవాళ్ళం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టినవాడు, పెళ్ళి చేసినవాడు సైకిలు కొని చూడలేదు కాబట్టి అంతటితో ఆపారు.

"ఏవండీ, ఎంతవరకు వచ్చింది?"

"ముందు చక్రం ఫోర్కు దగ్గర ఉన్నాను."

"సైకిలు సంగతి కాదు, చలికాలం సంగతి. కింది ఫ్లాటువాళ్ళు స్వెట్టర్లు ఉతికి లోపల పెట్టేస్తున్నారు."

"వాళ్ళకు తొందరెక్కువ."

పుష్యం చివర్లో జూబ్లీహిల్స్‌లోని ఒక సైకిళ్ళ షాపుకి వెళ్ళాను. అప్పటికది అయిదోసారి. షాపు కుర్రాడు నిఖిల్ నన్ను చూడగానే ఎవరికో ఫోన్ చేసి లంచ్‌కు రానని చెప్పేవాడు.

"అంకుల్, ఫైనల్‌గా చెప్పండి. మీ రైడింగ్ పర్పస్ ఏంటి?"

"చలికాలం, తెల్లవారుజామున, గుట్ట మలుపు, సూర్యోదయం."

"సూపర్ అంకుల్. గ్రూప్ రైడా?"

"ఛ, గ్రూపులు గీపులు మాకు లేవు బాబూ."

"అయితే సోలో" అని రాసుకున్నాడు. నేను కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాను.

"లాస్ట్ క్వశ్చన్ అంకుల్. వెనకాల లగేజ్ ఏమైనా వేస్తారా? ఈ రెండు మోడల్స్‌కి డిఫరెన్స్ అదే. లగేజ్ లేదంటే ఇది తీసుకోండి, చాలా తేలిక."

"లగేజీయా? ఒక్క గ్రాము కూడా ఉండదు."

పాఠకులారా, కామేశ్వరిని నేను జన్మలో లగేజీ అనుకోలేదు. నా గౌరవమే నా కొంప ముంచింది.

ఆర్డరిచ్చిన నెలకు, శివరాత్రికి మూడు రోజుల ముందు సైకిలు ఇంటికి వచ్చింది. బూడిదరంగు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, చిటికెనవేలితో ఎత్తేంత తేలిక. కామేశ్వరి వంటింట్లోంచే చూసి, "ఎండుచేపలా ఉందేంటండీ?" అంది.

"చూపులకు అలా ఉంటుంది. రేపు ఎక్కితే తెలుస్తుంది."

మర్నాడు అయిదున్నరకు ఆవిడ సిద్ధం. మెరూన్ శాలువా, చెవులకు మఫ్లరు, చేతిలో కాఫీ ఫ్లాస్కు, తలలో రెండు చామంతులు. ఆ చామంతులు చూసి నాకు తెనాలి కాలువ గుర్తొచ్చింది. లిఫ్టు దిగి గేటు బయటికి వచ్చాం. నేను ఠీవిగా సీటెక్కి, ఒక కాలు నేల మీద ఆనించి, వెనక్కి తిరగకుండానే అన్నాను.

"ఊఁ, ఎక్కు."

వెనక సైకిలు చుట్టూ చెప్పుల అడుగులు ఒకసారి తిరిగాయి. రెండోసారి తిరిగాయి.

"ఏవండీ, నేనెక్కడ కూర్చోవాలి?"

వెనక్కి తిరిగి చూశాను. సీటు ఉంది. సీటు తరవాత గాలి ఉంది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, పద్నాలుగు గళ్ళలో నెగ్గిన ఆ సైకిలుకు అన్నీ ఉన్నాయి, పెళ్ళాం కూర్చునే చోటు తప్ప. ఏడుపు సీనులో హీరోయిన్‌కు ఎడమ చెవి జూకా లేదని పరిగెత్తుకెళ్ళి షాటు ఆపించినవాణ్ణి నేను. నా సైకిలుకు కారియర్ లేదని మూడు నెలలుగా చూడలేదు!

కామేశ్వరి నవ్వలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. ఫ్లాస్కు మూత తీసి నాకు అరకప్పు కాఫీ పోసి, "పర్వాలేదు లెండి" అంది. తలలోంచి చామంతులు తీసి గేటు పక్క గోడ మీద పెట్టింది.

ఆ "పర్వాలేదు"కు అర్థం నాకు తెలుసు. చలికాలం దాటిపోయిందని. ఇంక అడగదని.

తెల్లారగానే సైకిలు నడిపించుకుంటూ కృష్ణానగర్ వెళ్ళాను. అక్కడ యాదగిరి ఉన్నాడు. సినిమాలకు సామాను అద్దెకిచ్చే గోడౌన్ అతనిది. రాజుల సింహాసనం నుంచి పోస్టుమేన్ సంచీ దాకా దొరకనిది లేదు, అతను బాగుచేయలేనిదీ లేదు.

"యాదగిరీ, మా ఆవిడ కూర్చోవడానికి దీనికి అర్జంటుగా ఒక కారియర్ బిగించాలయ్యా."

అతను సైకిలును తలకిందులు చేసి, గొర్రెను బేరమాడేవాడిలా అంతా తడిమి చూశాడు.

"ఏడ బిగియ్యాలె సార్? స్క్రూ పట్టనీకి ఒక్క బొక్కన్న లేదు. కడ్డీలు చూస్తే పుల్లల లెక్క ఉన్నయి. అమ్మ కూసుంటే ఫట్‌మంటది."

"వెల్డింగు?"

"అల్యూమినియానికా? గిది సైకిలా, అన్నం గిన్నెనా సార్? గింత చదువుకున్నోళ్ళు, అమ్మను కూసోబెట్టుకోని పోవాల్నని ముచ్చటపడి ఒక్క సీటు బండి తెస్తరా?"

నా మొహం చూసి అతనికి జాలి కలిగినట్టుంది. లోపలికి వెళ్ళి ఒక నల్ల సైకిలు తోసుకొచ్చాడు. పాతకాలపు సైకిలు. పాటల్లో, పల్లెటూరి సీన్లలో ఎన్నో ఏళ్ళుగా నటిస్తున్నది. వెనకాల ఎంత కారియర్! ఒక చిన్న కుటుంబం కాపురం పెట్టొచ్చు.

"తీస్కపోండ్రి సార్. రెండు దినాలు ఉంచుకోండ్రి. ఫికర్ వద్దు."

కాలిన చెయ్యి కాబట్టి ఈసారి డైరీ తీసి పరీక్ష పెట్టాను. కారియర్ మీద చెయ్యి వేసి ఊపాను. నేను ఎక్కి కూర్చున్నాను. యాదగిరిని కూర్చోబెట్టాను. కారియర్ బోల్టులు ఒకటికి నాలుగుసార్లు బిగించాను. "కారియర్: ఉంది" అని రాసి మూడు గీతలు గీశాను. గంట మోగింది. టైర్లలో గాలి ఉంది. హ్యాండిలు కింద బ్రేకు కడ్డీలు తళతళలాడుతున్నాయి. తృప్తిగా ఇంటికొచ్చాను.

"రేపు శివరాత్రి ముందు రోజు. చలి శివశివా అనడానికి ఇంకా ఒక పూట టైముంది. ఒక్కసారి రావోయ్" అని బతిమాలాను.

కామేశ్వరి నల్ల సైకిలు చుట్టూ తిరిగి, కారియర్‌ను వేలితో నొక్కి చూసింది. "మా నాన్నగారి సైకిలులాగే ఉంది" అంది. గోడ మీది చామంతులు వాడిపోయాయని కొత్తవి తెచ్చుకుంది.

మర్నాడు బయలుదేరాం. ఆవిడ ఒక పక్కకు కూర్చుంది. సైకిలు ఒకసారి అటూ ఇటూ ఊగి, ముప్పై ఎనిమిదేళ్ళ నాటి సంగతేదో గుర్తుతెచ్చుకున్నట్టు నిలదొక్కుకుంది. మంచు లేదు. మాఘం ఆఖరికి మంచెక్కడిది? ఆలస్యం అమృతం విషం అంటారు, నా విషయంలో ఆలస్యం మంచు మాయం. కానీ చీకటి పల్చబడుతోంది. గోడల మీది నుంచి కాగితం పూలు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. వెనకాల గాజులు చిన్నగా కదిలాయి. తొక్కనవసరం లేకుండా సైకిలు తనంతట తానే దిగుతోంది. నేను కాలువ గట్టున ఉన్నానో, గుట్ట మీద ఉన్నానో నాకే తెలియలేదు.

"ఏవండీ, కాస్త వేగంగా పోతున్నామేమో."

"ఇదుగో, బ్రేకు వేస్తున్నా."

వేశాను. కడ్డీ కదిలింది. సైకిలు మాత్రం దాని పని అది చూసుకుంటోంది.

"వేశారా?"

"వేశాను."

"మరి ఆగదేం?"

"అదే ఆలోచిస్తున్నాను!"

"ఆలోచన తరవాతండీ, ముందు కాళ్ళు పెట్టండి!"

కాళ్ళు పెట్టాను. కుడికాలి చెప్పు నన్ను విడిచి తన దారిన పోయింది. ఇంట్లో, బాల్కనీలో, వానలోనూ ఆగగల డిస్క్ బ్రేకుల సైకిలు ఒకటి హాయిగా నిద్రపోతోందని ఆ క్షణంలో గుర్తొచ్చింది. దానికి బ్రేకులున్నాయి, కారియర్ లేదు. దీనికి కారియర్ ఉంది, బ్రేకులు లేవు. రెండూ కలిపితే ఒక సైకిలు, ఒకదాన్ని కొన్నవాణ్ణీ ఇంకోదాన్ని ఎరువు తెచ్చినవాణ్ణీ కలిపితే ఒక మూర్ఖుడు.

అప్పుడు ఎదురుగా మలుపు దగ్గర మంచు కనిపించింది. మామూలు మంచు కాదు. తెనాలి మంచు. తెల్లగా, దట్టంగా, రోడ్డుకు అడ్డంగా మెల్లమెల్లగా ఒళ్ళు విరుచుకుంటోంది. దాని మధ్యలో నారింజరంగు సూర్యుడు. మేం చప్పుడు లేకుండా అందులోకి వెళ్ళిపోయాం. ముందు చక్రం కనిపించడం మానేసింది. భయం కూడా కనిపించడం మానేసింది. అంతా మెత్తగా, వెలుగుగా, ఎక్కడా నేల లేనట్టు ఉంది. నా భుజం మీద ఒక చెయ్యి పడింది.

"అబ్బ! ఎంత బాగుందండీ!" అంది కామేశ్వరి.

"కట్! కట్! ఎవర్రా ఆ ముసలాళ్ళు? ఫ్రేములోకి ఎవరు వదిలారు?" అంది సూర్యుడి పక్క నుంచి ఒక మైకు.

మరుక్షణం దేన్నో గుద్దుకున్నాం. ఏదో సెట్టు కోసం చుట్టి పెట్టిన ప్లాస్టిక్ గడ్డి చాపలవి. చెట్టో బండో కాకపోవడం మా పూర్వజన్మ సుకృతం. నేను బోర్లా, ఆవిడ వెల్లకిలా. ఫ్లాస్కు మాత్రం నిటారుగా నిలబడింది. పొగ పల్చబడింది. పొగ మిషను, పెద్ద లైటు, దానికి కట్టిన నారింజరంగు కాగితం, నోళ్ళు తెరిచిన నలభైమంది కనిపించారు. నేను ఏళ్ళ కిందట చూపించిన లొకేషన్‌కు, నేను ఏళ్ళ తరబడి వెళ్ళిన వేళకే వాళ్ళు వచ్చారు. ఎవరిని తప్పుపట్టను?

అక్కడి నుంచే యాదగిరికి ఫోన్ చేశాను. "బ్రేకులు లేవయ్యా!"

"కడ్డీలున్నయి, రబ్బర్లు తీసేసినం సార్. షాటుల కీచుమంటే సౌండోళ్ళు ఒప్పుకుంటలేరు."

"చెప్పాలి కదయ్యా!"

"సినిమా సైకిలుకు బ్రేకులెందుకు సార్? కింద నలుగురు పట్టుకుంటరు గద! ముప్పై ఎనిమిదేండ్లు చేసిండ్రు, మీకు నేను చెప్పాల్నా?"

ఇంతలో చేతిలో నోటుపుస్తకంతో ఒక అమ్మాయి వచ్చింది. నా పాత ఉద్యోగం చేస్తున్న అమ్మాయని ఆ పుస్తకం చూడగానే తెలిసిపోయింది.

"సర్, దెబ్బలు తగల్లేదు కదా? మానిటర్‌లో చూసి డైరెక్టర్‌గారు చాలా బాగుందన్నారు. హీరో వెనకాల అలా మీరిద్దరూ మంచులోంచి వెళ్ళడం... ఇంకొక్కసారి చేస్తారా, ప్లీజ్? ఈసారి కింద నలుగురు పట్టుకుంటారు."

నేను నోరు తెరిచేలోపే కామేశ్వరి లేచి శాలువా దులుపుకుంది. "చేస్తామమ్మా" అంది.

"థాంక్యూ ఆంటీ. కంటిన్యుటీ కోసం అడుగుతున్నా. సర్ భుజం మీద మీరు ఏ చెయ్యి వేశారు?"

అమ్మాయి నా వైపు చూసింది. నాకు గుర్తులేదు! ఒట్టు, గుర్తులేదు.

"ఎడమ చెయ్యి" అంది కామేశ్వరి. "తెనాలిలోనూ ఎడమ చెయ్యే."

మళ్ళీ పైకి తోసుకెళ్ళి, మళ్ళీ దిగాం. నలుగురు పట్టుకున్నారు. టీ ఇచ్చారు. లైటు ఆర్పేసరికి అసలు సూర్యుడు నీళ్ళట్యాంకు పక్కన ఎప్పుడో వచ్చి నిలబడి ఉన్నాడు. ఆయన్నెవరూ పట్టించుకోలేదు. నేను ఒంటి చెప్పుతో, సైకిలు తోసుకుంటూ, తప్పు ఒప్పుకోవలసిన మనిషిలా మెల్లగా మొదలుపెట్టాను.

"కామేశ్వరీ, అది మంచు కాదు. మిషను పొగ. ఆ సూర్యుడు కూడా..."

"తెలుసండీ."

"ఎప్పుడు తెలిసింది?"

"దూరం నుంచే. ముప్పై ఎనిమిదేళ్ళు మీ చొక్కాలు ఉతికినదాన్ని. ఆ పొగ వాసన నాకు తెలియదా?"

"మరి ఎంత బాగుంది అన్నావు?"

"బాగుంది కాబట్టి అన్నాను. మీరు పొద్దున్నే వెళ్ళిపోయే చోటు ఎలా ఉంటుందో ఎప్పుడూ అనుకునేదాన్ని. ఇదన్నమాట" అని నాలుగడుగులు నడిచి, తలలో చామంతులు సర్దుకుని అంది. "ఇది మీ సూర్యోదయం. నాది ఇంకా ఉంది. వచ్చే చలికాలం నిజం మంచులో వెళదాం."

అడిగింది! ఇంక అడగనన్న మనిషి మళ్ళీ అడిగింది! ఆ సంతోషంలో రెండో చెప్పు కూడా అక్కడే వదిలేసి వచ్చాను.

ఆ సాయంత్రం స్నానం చేసి, దేవుడి ముందు దీపం పెట్టి, నోటుపుస్తకం మొదటి పేజీ తిప్పి, కామేశ్వరి సాక్షిగా ఇలా రాసి సంతకం పెట్టాను: "సూర్యచంద్రులు సాక్షిగా, ఇకమీదట రెండు చక్రాలది, మూడు చక్రాలది, చివరికి పుష్పక విమానమైనా సరే, మా ఆవిడను ముందు కూర్చోబెట్టి, ఆవిడ సౌఖ్యంగా ఉందన్న తరవాతే మిగతా పద్నాలుగు గళ్ళూ చూసెదను. ఇది తప్పినచో గుట్ట మలుపు దగ్గర నన్ను పట్టుకొనుటకు ఆ నలుగురును లేకపోవుదురు గాక."

కామేశ్వరి చదివి, కళ్ళజోడు సవరించుకుని, కింద తన అక్షరాలతో ఒక వాక్యం చేర్చింది: "బ్రేకులు నేను చూసుకుంటాను."